చేప నూనె క్యాప్సూళ్లు బాగున్నాయో పాడయ్యాయో ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

చేప నూనె గురించి పాఠకులు నన్ను పదే పదే అడిగేవి మూడు ప్రశ్నలు. ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టింది, ఇది కల్తీ నూనేనా? థర్మకోల్ మీద చుక్క వేస్తే గుంట పడింది, ఇలాంటిది కడుపులోకి పోతే ఏం కావాలి? సీసా మూత తీయగానే నీచు వాసన కొట్టింది, పారేయాలా? మూడింటికీ నా జవాబు చాలావరకు ఒకటే: ఆ ఒక్క కారణంతో భయపడనక్కరలేదు. మరి దేనికి భయపడాలి, దాన్ని ఇంట్లో ఎలా పట్టుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

మొదలుపెట్టే ముందు ఒక పరిమితిని ఒప్పుకోవాలి. ఇంట్లో చేసే పరీక్ష నూనె పాడైందని చెప్పగలదు గాని, పాడవలేదని హామీ ఇవ్వలేదు. చేప నూనె గాలి తగిలి పాడయ్యేటప్పుడు మొదట పెరాక్సైడ్లు పుడతాయి, వాటికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. అవి విరిగి ఆల్డిహైడ్లుగా మారిన తరువాతే మన ముక్కుకు అందుతుంది. అంటే ముక్కు కాస్త ఆలస్యంగా మేలుకునే కాపలాదారు. ప్రయోగశాలల మధ్య కూడా ఈ విషయంలో వాదాలున్నాయి. 2015లో న్యూజీలాండ్‌లో అమ్ముతున్న చేప నూనెలను పరీక్షించిన పరిశోధకులు వాటిలో ఎక్కువ భాగం ఆక్సీకరణ పరిమితులు దాటాయని ప్రకటించగా, ఆ తరువాత జరిగిన వేరే పరీక్షలు ఆ మాటతో ఏకీభవించలేదు. కాబట్టి వంటింట్లో చుక్క నూనె పట్టుకుని తుది తీర్పు చెప్పే ధీమా మనకు తగదు. అయినా బాగా పాడైన సీసాను గుర్తుపట్టడానికి, లేబుల్ మీది లెక్క చూసుకోవడానికి మన చేతిలో ఉన్న సాధనాలు సరిపోతాయి.

కావలసినవి

నగలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి (0.01 గ్రాము వరకు చూపేది), సన్నని కత్తెర, ఒకే రకం చిన్న గాజు గిన్నెలు మూడు నాలుగు, గాజు లేదా పింగాణీ సాసర్ ఒకటి, టూత్‌పిక్‌లు, టిష్యూ కాగితాలు, ఒక పుస్తకం, పెన్ను. వీలైతే అదే రకం నూనె కొత్త సీసా ఒకటి దగ్గర పెట్టుకుంటే పోల్చుకోవడం తేలికవుతుంది. కాటా లేకపోతే మూడవ అంచె వదిలేయండి, మిగిలినవి దానితో పని లేకుండానే జరుగుతాయి. గిన్నెలు గాజువే ఎందుకంటే, ప్లాస్టిక్ పాత వాసనలను పట్టి ఉంచుతుంది. నిన్నటి పులిహోర వాసన నూనెకు అంటగట్టే ప్రమాదం ఉంది.

చేపలంటే అలర్జీ ఉన్నవారు రుచి చూసే అంచెను పూర్తిగా మానాలి. ఈ పనిని పిల్లల చేత చేయించకండి.

1. ముందుగా పాడు నూనె తయారు చేసుకోండి

వినడానికి విడ్డూరంగా ఉన్నా, అన్నిటికన్నా ముందు చేయవలసింది ఇదే, ఎందుకంటే దీనికి కొన్ని రోజులు పడుతుంది. చాలామందికి చేప నూనె ముక్కిపోతే ఏ వాసన వస్తుందో తెలియదు. తెలియని వాసనను వెతికితే ప్రతి వాసనా అదేనేమో అనిపిస్తుంది.

రుచి, సువాసన కలపని మామూలు క్యాప్సూళ్లు రెండు తీసుకుని, కత్తిరించి, నూనెను సాసర్‌లో పలచగా పరవండి. వెలుతురు పడే కిటికీ పక్కన మూత లేకుండా పెట్టండి. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులు, చలికాలంలో వారం దాకా పట్టవచ్చు. చీమల నుంచి కాపాడడానికి సాసర్‌ను నీళ్ల పళ్లెంలో నిలబెట్టండి. పిల్లి ఉన్న ఇంట్లో ఏం చేయాలో మీకే తెలియాలి. మా ఇంట్లో మొదటి నమూనా రాత్రికి రాత్రే మాయమైంది.

రోజుకొకసారి వాసన చూసి, ఎలా మారుతోందో పుస్తకంలో రాయండి. మొదటిరోజు వచ్చే చేప వాసన వెనక్కి తగ్గి, దాని స్థానంలో కిటికీ తలుపులకు కొత్తగా వేసిన పెయింట్‌ను, వడ్రంగి చెక్కకు పూసే అవిసె నూనెను గుర్తు చేసే ఘాటు మొదలవుతుంది. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. అవిసె నూనెలాగే చేప నూనె కూడా గాలి తగిలితే బిగుసుకునే గుణం ఉన్నదే. సాసర్ అంచున నూనె జిగురుగా తయారవడం కూడా మీరు గమనించవచ్చు. ఈ నమూనాను ఎవరూ నోట్లో పెట్టకూడదు. ముక్కుకు పాఠం చెప్పడమే దీని పని.

2. లేబుల్ చదివి లెక్క వేయండి

నమూనా తయారవుతున్న రోజుల్లో సీసాను చేతిలోకి తీసుకోండి. ముందువైపు పెద్ద అక్షరాలతో ఉన్న 1000 మిల్లీగ్రాముల అంకె నూనె బరువు మాత్రమే. మీరు డబ్బు ఇస్తున్నది అందులోని ఈపీఏ, డీహెచ్ఏ అనే రెండు కొవ్వు ఆమ్లాలకు. మామూలు రకం నూనెలో 1000 మిల్లీగ్రాములకు ఈపీఏ 180, డీహెచ్ఏ 120, మొత్తం 300 మిల్లీగ్రాములు ఉంటాయి. గాఢత పెంచిన రకాల్లో ఇది 500, 600, ఇంకా పైన కూడా ఉంటుంది.

ఇక్కడ మోసపోయే చోట్లు మూడు. మొదటిది, వెనకవైపు పట్టికలో ఇచ్చిన అంకెలు ఒక క్యాప్సూల్‌కు కాక ఒక మోతాదుకు కావచ్చు, ఆ మోతాదు అంటే రెండు క్యాప్సూళ్లని సన్నని అక్షరాల్లో రాసి ఉండవచ్చు. రెండవది, "మొత్తం ఒమేగా-3" అన్న అంకెలో ఈ రెండే కాక ఇతర కొవ్వు ఆమ్లాలు కూడా కలుస్తాయి. మూడవది, ఒమేగా 3-6-9 పేరుతో వచ్చేవి, అవిసె గింజల నూనె క్యాప్సూళ్లు. అవి నాసిరకం కాకపోవచ్చు గాని అవిసె నూనెలో ఈపీఏ, డీహెచ్ఏ ఉండవు.

ధరను ఇలా పోల్చండి. 60 క్యాప్సూళ్లు 600 రూపాయలు, ఒక్కోదానిలో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 300 మిల్లీగ్రాములు అనుకుందాం. సీసా మొత్తంలో 18 గ్రాములు, అంటే గ్రాము సుమారు 33 రూపాయలు. పక్కనున్న సీసాలో 60 క్యాప్సూళ్లు 1080 రూపాయలు, ఒక్కోదానిలో 600 మిల్లీగ్రాములు అయితే మొత్తం 36 గ్రాములు, గ్రాము 30 రూపాయలు. ఖరీదుగా కనిపించిన సీసాయే చవక అయింది.

మన దేశంలో అమ్మే సీసా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య, "హెల్త్ సప్లిమెంట్" అన్న మాట, మందుగా వాడేందుకు కాదన్న సూచన, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, వాడదగిన గడువు ఉన్నాయో లేదో చూడండి. లైసెన్సు సంఖ్యను ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో కొట్టి, సంస్థ పేరు సరిపోతుందేమో చూడవచ్చు. మాంసాహార గుర్తు కూడా తప్పక ఉండాలి. చేప నూనె అని రాసి పచ్చ గుర్తు వేసి ఉంటే, ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. నాచు నుంచి తీసిన డీహెచ్ఏ నూనెకైతే పచ్చ గుర్తు సహజం.

కాడ్ లివర్ ఆయిల్ వేరే సరుకు. అది చేప కాలేయపు నూనె, అందులో విటమిన్ ఎ, డి ఉంటాయి. విటమిన్ ఎ ఎక్కువైతే గర్భస్థ శిశువుకు హాని గనుక, గర్భిణులు డాక్టరును అడగకుండా దాన్ని వాడకూడదు. ఒమేగా-3 ఎక్కువ రావాలని కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూళ్ల సంఖ్య పెంచడం ఎవరికీ మంచిది కాదు.

3. తూకం వేయండి

ఐదు క్యాప్సూళ్లను పొడి గుడ్డతో తుడిచి, కలిపి తూచి, బరువు రాసుకోండి. కత్తెరతో ఒక కొస కత్తిరించి నూనెను గాజు గిన్నెలోకి పిండండి. ఖాళీ తొక్కలను నిలువునా చీల్చి, లోపలివైపు టిష్యూతో తుడిచి మళ్లీ తూచండి. రెండు తూకాల తేడాయే నూనె బరువు. 1000 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు ఐదు మొత్తం 7 గ్రాములు తూగి, తొక్కలు 2.1 గ్రాములు వస్తే, నూనె 4.9 గ్రాములు. ఇది సరైన ఫలితమే, కొంచెం నూనె తొక్కలకు అంటుకునే ఉంటుంది. తేడా 4.5 కన్నా తగ్గితే మరో ఐదింటితో మళ్లీ చూసి, అప్పుడే అనుమానించండి.

చాలామంది చేసే పొరపాటు క్యాప్సూల్‌ను తొక్కతో సహా తూచి, 1.4 గ్రాములు వచ్చింది కాబట్టి నూనె ఎక్కువే పోశారని సంతోషపడడం. ఇంకో సంగతి, ఈ తూకం నూనె ఎంతుందో చెబుతుంది గాని అందులో ఈపీఏ ఎంతో చెప్పదు. దానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే ప్రయోగశాల పద్ధతి కావాలి, వంటింటి కాటా కాదు.

పిండిన నూనెను పారబోయకండి. తరువాతి అంచెకు అదే పనికొస్తుంది. కాకపోతే ఐదవ అంచెలో వాసన చూడడానికి కొత్తగా కోసిన క్యాప్సూళ్లే కావాలి. గంటలకొద్దీ గాలికి వదిలిన నూనెను వాసన చూసి సీసాను నిందించడం న్యాయం కాదు.

4. కంటితో చూడండి

తెల్ల కాగితం మీద గిన్నె పెట్టి పగటి వెలుగులో చూడండి. లేత పసుపు నుంచి బంగారు రంగు వరకు ఏదైనా మామూలే. క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి జీవి నుంచి తీసిన నూనె ఎర్రగా ఉంటుంది, దాని సహజ రంగు అదే. ముదురు గోధుమ రంగు నూనెను అనుమానించాలి గాని రంగు ఒక్కదానితో తీర్పు చెప్పకూడదు. తొక్కకే రంగు వేసిన క్యాప్సూళ్లలో బయటి నుంచి ఏమీ తెలియదు, కోసి చూడవలసిందే.

నూనె కన్నా క్యాప్సూళ్ల వాలకం ఎక్కువ చెబుతుంది. ఒకదానికొకటి అంటుకుని ముద్దగా ఉన్నాయంటే, సీసా ఎక్కడో వేడికో తేమకో గురైంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నమంతా కొరియర్ వ్యానులో తిరిగిన పార్శిల్ లోపల ఎంత వేడెక్కి ఉంటుందో ఊహించుకోండి. అమెరికా నుంచి పిల్లలు పంపే పెద్ద సీసాల కథ కూడా ఇంతే. కొన్నప్పుడు మంచివే అయినా, ఆరు నెలలు బీరువా మీద కూర్చున్నాక వాటి సంగతి వేరు. సీసా అడుగున నూనె జిడ్డు ఉంటే, ఏదో ఒక క్యాప్సూల్ కారుతోంది. ఆ ఒక్కదాని వాసనే సీసా అంతటినీ ఆవరిస్తుంది.

5. వాసన చూడండి

అసలు పరీక్ష ఇదే కాబట్టి దీనికి తీరిక పెట్టుకోండి. పొయ్యి మీద తాలింపు, దేవుడి గదిలో అగరుబత్తి, చేతిలో కాఫీ కప్పు, ఈ మూడూ లేని వేళ చూసుకోండి. ఉదయం ఫలహారానికి ముందు బాగుంటుంది. ఫ్రిజ్‌లో ఉంచే సీసా అయితే గంట ముందు బయట పెట్టండి, చల్లని నూనె వాసనను దాచుకుంటుంది.

సీసా పైభాగం నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి ఒక్కో క్యాప్సూల్ తీసుకుని, టిష్యూతో తుడిచి, వేరు వేరు గిన్నెల్లోకి కోయండి. కోసిన నిమిషంలోపే ముక్కు దగ్గర పెట్టుకుని రెండు మూడు చిన్న శ్వాసలు తీయండి. ఒక్కసారిగా గుండెలనిండా పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. ఒక గిన్నెకూ మరో గిన్నెకూ మధ్య మీ మోచేతి వంపు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుంది.

ఇక ఏది మంచి, ఏది చెడ్డ? మన భాషలో దీనికి రెండు మంచి మాటలున్నాయి. నీచు వాసన వేరు, ముక్కిన వాసన వేరు. లేత నీచు వాసన, పొద్దున్నే ఒడ్డుకు చేరిన నూనె కవళ్ల దగ్గర వచ్చేలాంటిది, చేప నూనెకు లోపం కాదు. అది చేప నుంచి వచ్చిందని చెబుతుందంతే. పాత వేరుశనగ నూనె, నెలల తరబడి డబ్బాలో మిగిలిన జంతికలు, పెయింట్, అవిసె నూనె, వీటిలో దేన్ని గుర్తు చేసినా అది ముక్కిన వాసన. సందేహం వస్తే కిటికీ దగ్గరి సాసర్‌ను ఒకసారి వాసన చూసి, తిరిగి గిన్నె దగ్గరకు రండి. రెండింటికీ చుట్టరికం కనిపిస్తే ఆ సీసాను పక్కన పెట్టండి.

మూడింటిలో ఒక్కటే చెడ్డగా ఉంటే, ఆ క్యాప్సూల్ కారి ఉండవచ్చు. మరో రెండు కోసి చూడండి. మూడూ చెడ్డగా ఉంటే ఇక వెతకనక్కరలేదు.

నిమ్మ, నారింజ సువాసన కలిపిన నూనెలతో కష్టం ఉంది. ఆ సువాసన ముక్కిన వాసనను కప్పేస్తుంది. టిష్యూ మీద చుక్క వేసి పావుగంట ఆగితే నిమ్మ ఘాటు కొంత దిగి, వెనకున్నది బయటపడవచ్చు, పడకపోవచ్చు. అందుకే నేనైతే సువాసన లేని రకమే కొనమంటాను. పేగుల్లోకి చేరాకే కరిగే పూత ఉన్న క్యాప్సూళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. త్రేన్పులు రాకపోవడం పూత గొప్పతనమే గాని నూనె గొప్పతనం కాదు, కోసి వాసన చూస్తేనే అసలు రంగు తెలుస్తుంది.

త్రేన్పుల ప్రస్తావన వచ్చింది కాబట్టి దీని గురించి కూడా చెప్పాలి. చేప వాసన త్రేన్పులు వస్తే నూనె పాడైందని అర్థం కాదు. పరగడుపున మింగితే మంచి నూనెకూ వస్తాయి. భోజనం మధ్యలో మింగి చూడండి.

6. రుచి చూడండి

వాసన పరీక్షలో తప్పిన నూనెను రుచి చూడకండి. నెగ్గినదాన్ని టూత్‌పిక్‌తో ఒక చుక్క నాలుక మధ్యలో వేసుకుని, పది సెకన్లు ఉంచి, ఉమ్మి, ఒక నిమిషం ఆగండి. మంచి నూనె మొదట మెత్తగా, దాదాపు చప్పగా ఉండి, చివర కాస్త నీచుగా అనిపిస్తుంది. పాడైనది కనరుగా, చేదుగా ఉంటుంది, గొంతు వెనక గీరినట్లుంటుంది. ఆ గీర నీళ్లు తాగినా వెంటనే పోదు. ముక్కుకు దొరకని తొలిదశ పాడు కొన్నిసార్లు ఇక్కడ దొరుకుతుంది.

7. మీ ముక్కును కూడా పరీక్షించండి

ఖరీదైన సీసా అని తెలిసి వాసన చూస్తే బాగానే ఉంటుంది. అనుమానంతో చూస్తే చెడ్డగానే ఉంటుంది. ఆహార పరిశ్రమలో రుచి చూసేవారికి పెట్టే త్రిభుజ పరీక్ష అనే పద్ధతి ఈ బలహీనతకు మందు. ఇంట్లో ఒకరి సాయం అడగండి. వారు ఒకే రకం మూడు గిన్నెల్లో, రెండింటిలో పాత సీసా నూనె, ఒకదానిలో కొత్త సీసా నూనె, లేదా అటుదిటుగా, మీకు తెలియకుండా పోయాలి. మీరు కళ్లు మూసుకుని, వేరుగా ఉన్నదాన్ని చూపించాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది కాబట్టి ఒక్కసారి చాలదు. వరసగా మూడుసార్లు సరిగ్గా చెబితే, అది గుడ్డిగా తగలడానికి ఉన్న అవకాశం 27లో ఒకటి మాత్రమే. అప్పుడు తేడా నిజంగా ఉందని నమ్మవచ్చు. మూడుసార్లూ తికమకపడితే, మీరు అంతకుముందు పసిగట్టిన తేడా ధర చీటీ వాసన అయి ఉంటుంది.

8. ఫ్రీజర్, థర్మకోల్: చేసి చూడండి గాని నమ్మకండి

చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడితే కల్తీ అని మన ఇళ్లలో ఎవరూ అనరు. చేప నూనెకు మాత్రం ఆ మర్యాద దక్కడం లేదు. మామూలు 180/120 రకం నూనెను రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే, అందులోని సంతృప్త కొవ్వుల వల్ల మబ్బుపట్టడం, కొంత గడ్డకట్టడం సహజం. ఇథైల్ ఎస్టర్ రూపంలో (అంటే రసాయనికంగా మార్చిన రూపంలో) ఉన్న నూనె, గాఢత పెంచిన నూనె, ముందే చల్లబరిచి గడ్డలు వడకట్టిన నూనె తేటగానే ఉంటాయి. గడ్డకడితే కల్తీ అనేవారూ, గడ్డకట్టకపోతే కల్తీ అనేవారూ ఇద్దరూ పొరబడుతున్నారు. ఈ పరీక్షకు ఒకే ఒక చిన్న ఉపయోగం ఉంది. ఒక్కో క్యాప్సూల్‌లో 600 మిల్లీగ్రాములు, అంతకు మించి అని లేబుల్ చెబుతున్న నూనె పేరిన నెయ్యిలా తెల్లగా గట్టిపడితే, కంపెనీని పరీక్ష పత్రం అడగడానికి అది తగిన కారణం.

థర్మకోల్ సంగతి. థర్మకోల్ అంటే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్; ఇథైల్ ఎస్టర్లు దాన్ని కరిగిస్తాయి, చేపలో సహజంగా ఉండే ట్రైగ్లిజరైడ్ రూపం అంత త్వరగా కరిగించదు. టీవీ పెట్టెలో వచ్చిన గుళికల థర్మకోల్ ముక్కను స్టీలు పళ్లెంలో పెట్టి, నాలుగైదు చుక్కలు వేసి, అరగంట చూడండి. గుంట పడితే అది బహుశా ఇథైల్ ఎస్టర్. బహుశా అనడం ఎందుకంటే, నిమ్మ, నారింజ తొక్కల నూనెలోని లిమొనీన్ కూడా థర్మకోల్‌ను తినేస్తుంది. పండ్లకు చుట్టే వంగే తెల్లని వల పాలీస్టైరీన్ కాదు, దాని మీద ఏ నూనె వేసినా ఏమీ కాదు.

గుంట పడితే భయపడాలా? అక్కరలేదు. అమెరికాలో డాక్టరు చీటీతో ఇచ్చే ఒమేగా-3 మందుల్లో 2004లో అనుమతి పొందిన మొదటిది ఇథైల్ ఎస్టరే. ఈ రూపం కొవ్వు ఉన్న భోజనంతో కలిసి వెళ్తేనే బాగా ఒంటబడుతుంది, అంతే తేడా. మీ సీసా మీద ట్రైగ్లిజరైడ్ రూపం అని రాసి, ఎక్కువ ధర తీసుకుని ఉంటే మాత్రం, సువాసన లేని ఆ నూనె థర్మకోల్‌ను కరిగించిందని ప్రశ్నించే హక్కు మీకుంది.

నూనెను నీళ్లలో వేసి తేలుతుందేమో చూడడం, వెలిగించి చూడడం, వేయించిన నూనెలకు హోటళ్లలో వాడే పరీక్ష పట్టీలు ముంచడం, ఇవేవీ ఇక్కడ పనికిరావు. పెరాక్సైడ్ విలువను కొలిచే అసలు పద్ధతికి ఘాటైన ద్రావకాలు, ఆమ్లం, పొటాషియం అయొడైడ్ కావాలి. దాన్ని ఇంట్లో ప్రయత్నించకండి.

9. ఇల్లు చెప్పలేనిదాన్ని కాగితాన్ని అడగండి

పీసీబీలు, డయాక్సిన్లు కొవ్వులో కరిగే కాలుష్యాలు, చేప నుంచి నూనెలోకి వస్తాయి, వాసన ఉండదు. పాదరసం చాలావరకు చేప కండలోని ప్రొటీన్‌ను అంటిపెట్టుకుంటుంది కాబట్టి శుద్ధి చేసిన నూనెలో తక్కువే ఉంటుంది. దేన్నైనా ప్రయోగశాలే చెప్పాలి. కంపెనీకి బ్యాచ్ సంఖ్య రాసి, ఆ బ్యాచ్ విశ్లేషణ పత్రం పంపమని అడగండి. పంపనివారి గురించి అది కూడా ఒక ఫలితమే.

పత్రం వస్తే మూడు అంకెలు చూడండి. చేప నూనెలకు 2017లో వచ్చిన కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పెరాక్సైడ్ విలువ 5 మించకూడదు, ఎనిసిడిన్ విలువ (ఆల్డిహైడ్లను కొలిచే అంకె) 20 మించకూడదు, పెరాక్సైడ్ విలువను రెట్టింపు చేసి దానికి ఎనిసిడిన్ విలువ కలిపితే వచ్చే టోటాక్స్ 26 మించకూడదు. పత్రంలో పెరాక్సైడ్ 3, ఎనిసిడిన్ 14 ఉంటే టోటాక్స్ 20, సరే. పెరాక్సైడ్ ఒక్కటే చూపించి మిగిలిన రెండూ దాచిన పత్రాన్ని నమ్మకండి. నూనె బాగా పాడయ్యాక పెరాక్సైడ్లు విరిగిపోయి ఆ అంకె మళ్లీ తగ్గుతుంది, అందువల్ల పాత నూనె కూడా అమాయకంగా కనిపించవచ్చు. సువాసన కలిపిన నూనెలో ఎనిసిడిన్ కొలత తప్పుగా వస్తుంది, సువాసన కలపకముందు చేసిన పరీక్ష కావాలని అడగండి. పత్రం మీది బ్యాచ్ సంఖ్య మీ సీసా మీదిదే అయి ఉండాలి. నాకు ఒకసారి వచ్చిన అందమైన పత్రం మూడేళ్ల నాటి వేరే బ్యాచ్‌ది.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఈ పని కొంత సులువు. చేప నూనెలను పరీక్షించే, కెనడాకు చెందిన ఐఫాస్ పథకంలో చేరిన రకాలకు బ్యాచ్ వారీ ఫలితాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అమెరికాలో యూఎస్‌పీ వెరిఫైడ్ ముద్ర చూడవచ్చు. ఇక్కడ ఉన్నవారు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ఆహార ప్రయోగశాలకు మూత తీయని సీసా ఇచ్చి, పైన చెప్పిన మూడు విలువలూ, ఈపీఏ, డీహెచ్ఏ శాతాలూ అడగవచ్చు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని 40వ సెక్షన్ కొనుగోలుదారుకు ఫుడ్ ఎనలిస్ట్ చేత పరీక్ష చేయించుకునే హక్కు ఇచ్చింది. అయితే రుసుము మనమే కట్టాలి, కొనేటప్పుడే ఆ ఉద్దేశాన్ని అమ్మినవారికి చెప్పాలి.

నెగ్గిన సీసాను చెడగొట్టుకోకుండా

పరీక్షల్లో నెగ్గిన సీసాను పొయ్యి పక్క గూట్లో పెడితే నెలలో ఓడిపోతుంది. మూత తీసిన తేదీని సీసా మీదే రాసి, ఫ్రిజ్‌లో పెట్టండి. తలుపు అరల్లో కాక లోపలి అరలో పెడితే మేలు. చల్లదనానికి క్యాప్సూళ్లు కాస్త మబ్బుగా కనబడినా కంగారుపడకండి. వానాకాలంలో మూత తీసి వదిలేస్తే గాలిలోని తేమ చల్లని క్యాప్సూళ్ల మీద చేరి అవి అంటుకుంటాయి, తీసుకున్న వెంటనే బిగించండి. అందంగా ఉంటుందని రాగి, ఇత్తడి డబ్బాల్లోకి మార్చకండి, కారిన నూనెకు రాగి తగిలితే ఇంకా త్వరగా ముక్కిపోతుంది. 300 క్యాప్సూళ్ల సీసా చవకే, కాని ఇంట్లో ఒక్కరే వాడేటట్లయితే చివరి వంద వాడేనాటికి అది తెరిచి ఆరునెలలు దాటుతుంది. 60 క్యాప్సూళ్ల సీసా కొనండి. నెలకొక క్యాప్సూల్ కోసి, వాసనకు సున్నా నుంచి మూడు వరకు మార్కు వేసి పుస్తకంలో రాస్తే, సీసా ఏ నెలలో దారి తప్పిందో మీకే తెలుస్తుంది.

రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు, నూనె ఎంత మంచిదైనా డాక్టరును అడిగాకే వాడాలి.

తప్పిన సీసాను ఏం చేయాలి?

మిగిలిన క్యాప్సూళ్లను వాడడం వెంటనే ఆపండి. డబ్బు పోయిందని రోజుకొకటి మింగి పూర్తి చేసేవారిని చూశాను, కుక్కకు పెట్టేవారినీ చూశాను, రెండూ వద్దు. దీపంలో పోద్దామనుకునేవారు ఆ రాత్రి ఇల్లు విడిచి ఎక్కడ పడుకోవాలో కూడా ఆలోచించుకోవాలి. సింకులో పోయకుండా, కాగితంలో చుట్టి చెత్తలో వేయండి.

పారేసే ముందు మాత్రం బిల్లు, సీసా మీది బ్యాచ్ సంఖ్య, తేదీలు, అంటుకుపోయిన లేదా కారిన క్యాప్సూళ్లు ఫోటోలు తీసి, కోయని క్యాప్సూళ్లు ఓ ఇరవై సీసాలోనే మూత బిగించి ఉంచండి. మొదట అమ్మినవారికీ, తయారీ సంస్థకూ రాయండి. "వాసన బాగాలేదు" అని కాక, ఏ తేదీన తెరిచారో, ఎక్కడ నిల్వ చేశారో, ఎన్ని క్యాప్సూళ్లు కోస్తే ఎన్నింటిలో ముక్కిన వాసన వచ్చిందో రాస్తే జవాబు త్వరగా వస్తుంది. రాకపోతే ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కూ ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఇరవై క్యాప్సూళ్లను ఫిర్యాదు తేలేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచి, ఇంట్లో మరెవరూ మింగకుండా సీసా మీద ఎర్ర సిరాతో రాసి పెట్టండి.